బాలింత నొప్పి మాత్ర వేసుకుంటే పాలు తాగే బిడ్డకు ఏమవుతుంది?

ప్రశ్న: సిజేరియన్ అయింది. కుట్ల నొప్పికి డాక్టరమ్మ మాత్రలు రాశారు. మందు పాలలోకి దిగుతుంది, వేసుకోవద్దని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటి మాత్రలే వద్దన్నారు కదా, ఇప్పుడెలా వేసుకోవాలి?

జవాబు: బ్రహ్మంగారిమఠం చుట్టుపక్కల పల్లెల నుంచి మైదుకూరుకో ప్రొద్దుటూరుకో కాన్పుకు వెళ్లి, కుట్లతో ఇల్లు చేరిన తల్లికి ఈ సందేహం రావడం సహజం. తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. ముందు నొప్పి ఎలా పుడుతుందో చూద్దాం.

ఒంట్లో ఎక్కడ గాయమైనా, అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తాయి. గాయం చుట్టూ వాచి ఎర్రబడడానికి, ముట్టుకుంటేనే నొప్పి పుట్టడానికి ఇవి ముఖ్య కారణం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వీటి తయారీని అడ్డుకుంటాయి. ఈ సంగతిని 1971లో జాన్ వేన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు.

అయితే ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి పుట్టించడమే కాదు, మేలు కూడా చేస్తాయి. కడుపులో ఉన్న బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా గాలి పీల్చవు కాబట్టి, రక్తం వాటిని తప్పించుకుని వెళ్లడానికి గుండె దగ్గర ఒక చిన్న నాళం ఉంటుంది. అది మూసుకుపోకుండా కాపాడేది ఈ పదార్థాలే. తల్లి వేసుకున్న మాత్ర మాయ దాటి బిడ్డ రక్తంలోకి చేరితే, ఆ నాళం ముందే మూసుకుపోవచ్చు. బిడ్డ మూత్రపిండాల పని మందగించి ఉమ్మనీరు తగ్గవచ్చు. అందుకే గర్భం 20 వారాలు దాటాక ఈ మాత్రలు వద్దంటారు.

కాన్పయ్యాక పరిస్థితి మారిపోతుంది. బిడ్డ ఊపిరి పీల్చుకున్నాక ఆ నాళంతో పని ఉండదు. కొద్ది రోజుల్లో అది తనంతట తానే మూసుకుంటుంది. మాయ దారీ తెగిపోయింది. మందు బిడ్డను చేరాలంటే ఇక పాల ద్వారానే చేరాలి.

ఆ దారి చాలా ఇరుకు. రక్తంలోకి చేరిన ఐబుప్రొఫెన్‌లో నూటికి 99 పాళ్లు ఆల్బుమిన్ అనే మాంసకృత్తుకు (ప్రోటీన్‌కు) అంటుకుని ఉంటుంది. జొన్నపిండి జల్లిస్తే, నూకకు అంటుకున్న పిండి నూకతోపాటే జల్లెడలో మిగిలిపోతుంది కదా. ఇక్కడా అంతే. ఆల్బుమిన్ పెద్దది కాబట్టి, దాన్ని అంటిపెట్టుకున్న మందు పాలలోకి దిగలేదు. విడిగా ఉన్న ఆ కాస్త మందే దిగగలదు. పైగా ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. సుమారు రెండు గంటలకొకసారి రక్తంలో సగానికి తగ్గిపోతుంది.

మరి బిడ్డకు చేరేదెంత? తల్లి 400 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడు వేసుకుంటే మొత్తం 1200 మిల్లీగ్రాములు. అందులో పాల ద్వారా బిడ్డకు చేరేది ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆరు నెలలు దాటి, ఏడు కిలోలున్న బిడ్డకు జ్వరమొస్తే ఇదే మందును డాక్టర్లు ఒక్కో మోతాదుకు దాదాపు 70 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. పాలలో వచ్చేది ఎంత తక్కువో దీన్నిబట్టి తెలుస్తుంది. డైక్లోఫెనాక్ కూడా పాలలోకి చాలా తక్కువగానే చేరుతుంది. పారాసిటమాల్ వాపు తగ్గించే రకం కాకపోయినా, పాలిచ్చే తల్లికి అదీ సురక్షితమే.

అలాగని నొప్పి మాత్రలన్నీ ఒకటే అనుకోకూడదు. నాప్రోక్సెన్ ఒంట్లో చాలా గంటలు నిలిచిపోతుంది కాబట్టి, ఎక్కువ రోజులు వాడకూడదు. నొప్పికి ఆస్పిరిన్ వద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. పాలిచ్చే తల్లి కూడా దాన్ని వాడకపోవడమే మంచిది. కొన్ని మాత్రల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. కాబట్టి డాక్టరు చీటీ లేకుండా కొనుక్కోవద్దు. మందుల షాపులో "నేను పాలిచ్చే తల్లిని" అని ముందే చెప్పండి.

నిజానికి ఈ మాత్రలతో జాగ్రత్త ఎక్కువగా కావాల్సింది తల్లికే. కడుపులో పుట్టే ఆమ్లం పేగులను తినేయకుండా లోపలి పొరను కాపాడేది, నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేది కూడా ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర వాటినీ తగ్గిస్తుంది. మన వైపు బాలింతకు పథ్యం పేరుతో చాలీచాలని అన్నం పెట్టి, నీళ్లు కూడా తగ్గిస్తుంటారు. కడప ఎండల్లో అలా ఉంటూ ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే కడుపులో మంట, పుండు రావచ్చు, మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు. కాబట్టి అమ్మా, కడుపునిండా తిన్నాకే మాత్ర వేసుకోండి, దాహం తీరా నీళ్లు తాగండి. అల్సర్, ఉబ్బసం, బీపీ, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

బిడ్డ నెలలు నిండక ముందే పుట్టినా, గుండె జబ్బుతో పుట్టినా, పిల్లల డాక్టరును అడిగాకే మాత్ర మొదలుపెట్టండి. మాత్రలు వాడుతున్న రోజుల్లో బిడ్డ పాలు సరిగా తాగకపోయినా, మత్తుగా పడుకున్నా, పుట్టిన మొదటి కొద్ది రోజులు దాటాక కూడా దొడ్డికి నల్లగా వెళ్లినా, అందులో రక్తం కనబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నొప్పి ఓర్చుకుంటే బిడ్డకు మేలని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ నొప్పితో బిగుసుకుపోయిన తల్లికి, పాలను బయటికి తోసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ సరిగా విడుదల కాదు. కూర్చోలేక, బిడ్డను ఒళ్లోకి తీసుకోలేక పాలివ్వడమూ తగ్గిపోతుంది. డాక్టరు రాసిన మాత్ర, రాసినన్ని రోజులు వేసుకోండి, పాలు మాన్పించకండి. మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతుంటే, జ్వరమొస్తే, కుట్ల దగ్గర చీము పడితే, రొమ్ము గట్టిపడి ఎర్రబడితే ఇంకో మాత్రతో సరిపెట్టుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.