అత్తయ్య గదికి ఓ టీవీ

ఇంట్లో రెండో టీవీ అనగానే "అంత డాబు మనకెందుకమ్మా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హాల్లో ఒకటుంది కదా, అందరూ కలిసి కూర్చుని చూడొచ్చు కదా అంటారు. కలిసి చూడటం మంచిదే, కాదనను. మరి హాలు దాకా నడిచి రాలేని మనిషి ఇంట్లో ఉంటే?

మా కనిగిరి ప్రాంతంలో అలాంటివాళ్లు చాలా ఇళ్లలో కనిపిస్తారు. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని మీరు పేపర్లలో చదివే ఉంటారు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి. ఆ తర్వాత ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగుసుకుపోతాయి. నడుం వంగదు, మెడ తిరగదు. మా అత్తయ్యది ఇప్పుడు అదే పరిస్థితి. నలభై ఏళ్లు ఆ నీళ్లే మోసింది, ఆ నీళ్లే తాగింది.

ఆవిడ మంచం వెనక గదిలో ఉంటుంది. హాల్లో టీవీ మాటలు వినబడతాయి గానీ బొమ్మ కనబడదు. "అమ్మాయ్, ఇప్పుడొచ్చింది ఎవురు? ఆ పిల్లెందుకు ఏడస్తా ఉంది?" అని లోపల్నించి అడుగుతుంటే, నేను పిండి చేతుల్తో గుమ్మంలో నిలబడి కథ చెప్పేదాన్ని. క్రికెట్ ఉన్న రోజున అదీ లేదు. అందుకే ఆ గదికి టీవీ కొనాలని పట్టుబట్టాను.

కొన్నాక తెలిసింది, అసలు పని ఇప్పుడే మొదలని. బిగించడానికి వచ్చిన కుర్రాడు అలవాటు ప్రకారం కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, ప్లగ్గు పాయింటు దగ్గరగా ఉందని పక్క గోడకు గుర్తు పెట్టాడు. మెడ తిప్పలేని మనిషికి పక్క గోడ మీద టీవీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత? నేనే ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని, తల దిండు మీద ఆన్చి, చూపు ఎక్కడ పడుతుందో చూసి సుద్దముక్కతో గీత గీయించాను. కాళ్ల వైపు గోడకు, బాగా ఎత్తులో, కిందికి వంచి బిగించాలి. వంగే స్టాండు విడిగా కొనుక్కోవాలి. కిటికీ ఎదురుగా ఉంటే వెలుతురు తెర మీద పడి మొహాలు కనబడవు, ముదురు రంగు కర్టెన్ వేయాల్సిందే. మీ ఇంట్లో మంచాన పడ్డవాళ్లుంటే షాపువాళ్ల మాట పక్కన పెట్టి, ముందు మీరు ఆ మంచం మీద పడుకుని చూడండి.

ఇక వైరు సంగతి. ఒకప్పుడు ఇది చాలా తేలిక. ఈటీవీ 1995 ఆగస్టు 27న మొదలైంది, జెమినీ కూడా ఆ ఏడాదే. అప్పటి కేబుల్ వైర్లో ఛానళ్లన్నీ ఒకేసారి వచ్చేవి. దాన్ని ఒక చిన్న స్ప్లిట్టర్ పెట్టి రెండుగా చీలిస్తే రెండు గదుల్లో రెండు వేర్వేరు ఛానళ్లు చూడొచ్చు. చీల్చిన ప్రతిసారీ సిగ్నల్ సగమవుతుంది కాబట్టి తెర మీద ఇసక పోసినట్టు చుక్కలు వచ్చేవి. అంతే నష్టం.

వీసీఆర్ వైభవం కూడా అప్పుడే చూశాం. దాంట్లో ఛానల్ పట్టుకునే యంత్రం విడిగా ఉండేది. హాల్లో మగవాళ్లు మ్యాచ్ చూస్తుంటే, వెనక గదిలో వీసీఆర్ తన పాటికి తాను మా సీరియల్‌ను రికార్డు చేసుకునేది. ఇది మాకు సోకు కాదు, అవసరం. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. సరిగ్గా సీరియల్ పాట మొదలయ్యేసరికి వీధి మలుపులో హారను. బిందెలు పట్టుకుని పరుగు. 180 నిమిషాల క్యాసెట్టులో అరగంట భాగాలు ఆరు పట్టేవి. శనివారం రాత్రి గిన్నెలు కడుక్కుని, అత్తా కోడళ్లం కూర్చుని వరసగా చూసేవాళ్లం. కరెంటు పోతే మాత్రం వీసీఆర్ గడియారం పన్నెండు దగ్గర మిణుకుమిణుకుమంటూ ఆగిపోయేది, పెట్టిన టైమరు గోవిందా. అన్నట్టు, ఇంట్లో ఇలా రికార్డు చేసుకుని తీరిక వేళ చూసుకోవడం నేరమా కాదా అన్న దాని మీద అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1984లో అయిదుగురు జడ్జీలు కాదన్నారు, నలుగురు ఒప్పుకోలేదు. ఆ జడ్జీల ఇళ్లకు ట్యాంకరు వచ్చే పనైతే తొమ్మిదిమందీ ఒకే మాట మీద ఉండేవారు!

ఇప్పుడు ఆ లెక్కలు చెల్లవు. దేశంలో మిగిలిన ఊళ్లన్నిట్లో పాత కేబుల్ పద్ధతి ఆపేయాలని 2017 మార్చి 31ని ఆఖరి గడువుగా పెట్టారు. సెట్‌టాప్ బాక్సు వచ్చింది. ఒక బాక్సు ఒకసారి ఒక ఛానలే ఇస్తుంది. దాన్నుంచి రెండో గదికి వైరు లాగితే హాల్లో ఏది నడుస్తుంటే అక్కడా అదే. "ఒకే బాక్సుతో రెండు టీవీలు చూసుకోవచ్చక్కా" అని ఎవరైనా చెబితే, ఒకే ఛానలా, వేరువేరా అని గట్టిగా అడగండి.

డిష్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. మిద్దె మీద ఉన్న ఒక్క గొడుగుతోనే రెండు బాక్సులు నడుస్తాయి, రెండో గొడుగు అక్కర్లేదు. అయితే కేబుల్‌కు వాడిన స్ప్లిట్టర్ ఇక్కడ పనికిరాదు. ఆకాశం నుంచి తరంగాలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని వస్తాయి. మీరు ఛానల్ మార్చినప్పుడు బాక్సు వైరులోంచి 13 వోల్టులో, 18 వోల్టులో పైకి పంపి ఏ రకం కావాలో అడుగుతుంది. ఒకే వైరు మీద ఒక బాక్సు 13, ఇంకోటి 18 అడిగితే ఒకరి ఛానళ్లు మాయం. గొడుగు ముందుండే చిన్న డబ్బాను ఎల్‌ఎన్‌బీ అంటారు. అది రెండు నోళ్లున్నది వేయించుకుని, ఒక్కో బాక్సుకు ఒక్కో వైరు లాగించాలి.

డబ్బు మాటకొస్తే, ఒకే ఇంట్లో రెండో టీవీకి నెట్‌వర్క్ ఛార్జీ మొదటిదాంట్లో 40 శాతం దాటకూడదని ట్రాయ్ 2020లో నియమం పెట్టింది. 2024లో ఆ ఛార్జీల మీద పరిమితులే ఎత్తేసింది. కాబట్టి బేరమాడే ఓపిక మనకుండాలి.

రికార్డింగు కూడా మారింది. చాలా బాక్సులకు పెన్‌డ్రైవ్ గుచ్చి మీట నొక్కితే చాలు. అత్తయ్య కోసం నేను రోజూ చేసేది ఇదే. తిరుమల దేవస్థానం వాళ్ల ఎస్వీబీసీ 2008లో వచ్చాక, మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చే శ్రీవారి కల్యాణోత్సవం ఆవిడకు ప్రాణం. కానీ నొప్పుల మాత్ర వేసుకుంటే సరిగ్గా ఆ వేళకే కళ్లు మూతలు పడతాయి. రికార్డు చేసి సాయంత్రం కాఫీతో పాటు పెడతాను. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో దూరదర్శన్ వాళ్లు రామాయణం మళ్లీ వేసినప్పుడూ అంతే. 1987లో మొదటిసారి వచ్చినప్పుడు ఆదివారం పొద్దున వీధి వీధంతా మా ఇంట్లోనే ఉండేదిట. హిందీ ఒక్క ముక్క రాకపోయినా దణ్ణాలు పెట్టుకునేవాళ్లట.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. బాక్సులో రికార్డు చేసింది మామూలుగా ఆ బాక్సులోనే ఆడుతుంది. బాక్సు పాడైతే పెన్‌డ్రైవ్ చేతిలో ఉన్నా బొమ్మ రాదు. దాచుకోవాల్సినవి అక్కడ పెట్టకండి.

దాచుకోవాల్సింది మాకొకటి ఉంది. 1994లో మా ఆడబిడ్డ పెళ్లి వీడియో. మామయ్య గొంతు, నడక మిగిలింది ఆ క్యాసెట్టులోనే. క్యాసెట్టు వెనకంచున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, గుర్తుందా? అది విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. వీడియో అతను అది విరిచి ఇచ్చాడు కాబట్టే ఇన్ని సీరియళ్ల మధ్య ఆ పెళ్లి బతికింది. వీసీఆర్‌లు చేసే ఆఖరి జపాన్ కంపెనీ కూడా 2016లో తయారీ ఆపేసింది. ఇళ్లలో మిగిలినవి ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. మీ దగ్గర క్యాసెట్లుంటే ఇక ఆలస్యం చేయకండి. టేపు మీద తెల్లగా బూజు కనబడితే వీసీఆర్‌లో పెట్టకుండా ముందు శుభ్రం చేయించండి. కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి దగ్గరి దారి లేదు, మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ ఆడాల్సిందే. పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ కన్నా పెద్ద ఫైలు పట్టదు కనుక ముక్కలుగా చేయించుకోండి. రెండు చోట్ల దాచండి.

ఆ పెళ్లి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అత్తయ్య గదిలో పెట్టాను. పంక్తిలో మామయ్య నేతి గిన్నె పట్టుకుని తిరుగుతుంటే నవ్వింది. కాసేపటికి వెనక తలుపులోంచి చంకన బిందెతో ఒకావిడ నిటారుగా, వడివడిగా నడుచుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, అది నేనేనా?"

"మీరే అత్తయ్యా."

"ఒక్కసారి వెనక్కి తిప్పు."

మూడుసార్లు తిప్పాను. మర్నాడు రిమోట్‌లో వెనక్కి తిప్పే మీట మీద ఎర్ర బొట్టుబిళ్ల అతికించాను. వేళ్లు వంగకపోయినా బొటనవేలుతో నొక్కుకోవచ్చు. ఇప్పుడు నన్ను పిలవడం లేదు.