పెరటి మొక్కల ఆకలి

గుంటూరు, విజయవాడ నగరముల నడుమ, కొండ పాదమున వెలసిన మంగళగిరి చేనేత వస్త్రములకు ప్రసిద్ధి గాంచినది. ప్రత్తి, మిరప పండెడి నల్లరేగడి భూములు ఆ ప్రాంతమున విస్తారముగా నున్నవి. అచ్చటి పెరళ్లలో వంగ, బెండ, మిరప, గోంగూర పెంచుట పరిపాటి. ఆకు పసుపువన్నెకు తిరిగినంతనే మొదట గుప్పెడు యూరియా వేయుటయు పలువురకు పరిపాటియే. రోగమును గుర్తింపక మందు వేయుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

మొక్క తనకు కావలసిన కర్బనమును గాలినుండి గ్రహించును. తక్కిన పోషకములలో పెక్కింటిని వేళ్లద్వారా నేలనుండి తీసికొనును. వానిలో నత్రజని, భాస్వరము, పొటాషు ముఖ్యములు. ఇనుము, జింకు మొదలగునవి లేశమాత్రము చాలును. కాని ఆ లేశమైనను లేనిచో మొక్క ఎదుగదు. ఏ పోషకము మిక్కిలి కొరతగా నున్నదో అదియే పెరుగుదలకు హద్దు అగునని 19వ శతాబ్దమున జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారము చేసెను. ఉప్పు చాలని కూరలో కారము రెట్టింపు చేసినను రుచి రాదు గదా!

కొరతను తెలిసికొనుటకు ఆకులే మొదటి సాక్షులు. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురాకులలోని నత్రజనిని లేతాకులకు తరలించును. కావున క్రింది ఆకులు ముందుగా పసుపుబారును. ఇనుము అట్లు తరలిపోజాలదు. అందుచే దాని కొరత లేతాకులలో కనబడును. ఈనెలు పచ్చగానే యుండి, వాని నడుమ భాగము పాలిపోవును. పొటాషు కొరవడినచో ముదురాకుల అంచులు మాడును.

నల్లరేగడిలో మరియొక చిక్కు కలదు. ఇందు సాధారణముగా సున్నము పాలు హెచ్చు. నేలలో ఇనుము, జింకు, భాస్వరము ఉన్నను సున్నము వానిని బంధించుటచే వేళ్లకు సరిగా అందవు. ఇట్టి చోట ఇనుము లోపించినప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై పిచికారి చేయుదురు. పొయ్యి బూడిదలో పొటాషుతోబాటు సున్నమును ఉండును. పుల్లనేలలకు మేలుచేయు ఆ బూడిద, సున్నపు నేలలలో చిక్కును పెంచును.

వర్షాకాలమున ఆకులు పసుపుబారుటకు వేరొక కారణము కలదు. రేగడి నీటిని పట్టి యుంచును. నీరు నిలిచిన వేళ్లకు గాలి అందదు. గాలి లేని వేళ్లు ఆహారము తీసికొనజాలవు. అప్పుడు చేయవలసిన మొదటి పని ఎరువు వేయుట కాదు, కాలువ తీసి నీటిని వెడలించుట.

ఎరువుల బలము ఒక్క తీరుగా నుండదు. 100 కిలోల యూరియాలో నత్రజని 46 కిలోలు, వేరుశనగ పిండిలో సుమారు 7 కిలోలు, పశువుల ఎరువులో సుమారు అర కిలో ఉండును. అల్పముగా తోచినను, చివికిన పశువుల ఎరువు నేలను గుల్లపరచి, సూక్ష్మజీవులను పోషించి, పలు పోషకములను మెల్లమెల్లగా అందించును. నాటుటకు ముందు చదరపు మీటరునకు రెండున్నర కిలోలు కలుపుట మంచిది. యూరియా వేయవలసివచ్చినచో కొద్దికొద్దిగా, తడినేలలో, మొదలునకు దూరముగా వేయవలెను. ఒకేచోట కుప్పగా పడిన యూరియా వేళ్లలోని నీటిని వెలుపలికి లాగి మొక్కను మాడ్చును.

నత్రజని మితిమీరినచో ఆకులు ఏపుగా పెరిగి పూత తగ్గును. లేతాకులను పేనుబంక ఆశించును. మొక్క గ్రహింపగా మిగిలిన నత్రజని నైట్రేటు రూపమున నేలలోనికి దిగి బావినీటిని చేరును. నైట్రేటు అధికమైన నీరు పసిబిడ్డలకు హాని చేయును. పెరటిలో చల్లిన గుప్పెడు ఎరువు పొరుగింటి త్రాగునీటిలో తేలవచ్చునన్నమాట.

సందేహము తీరుటకు భూసార పరీక్ష కలదు. ఎరువు వేయకముందే నాలుగైదు చోట్ల 15 సెంటీమీటర్ల లోతువరకు మట్టి తీసి, బాగుగా కలిపి, నీడలో ఆరనిచ్చి, అరకిలో పరీక్షశాలకు పంపవలెను. ఆకును చూచి, నేలను పరీక్షించి, కొరత యున్నదానినే తగుమాత్రముగా నిచ్చువాని పెరడు పండును; పొరుగువాని బావియు చెడదు.