ఆడేవాళ్లే అల్లుకునే కథాలోకం

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట మాటల మీద నడుస్తుంది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు. తన పాత్ర ఏం చేయబోతోందో ఆటగాడు చెబుతాడు. పని అవుతుందో లేదో తేలనప్పుడు పాచికలు వేస్తారు. ఆ పాత్రలు తిరిగే ఊళ్లు, ఎదురయ్యే మనుషులు, పొంచి ఉన్న శత్రువులు ఆటను నడిపే గేమ్ మాస్టర్ బాధ్యత. ఇలా ఒకే కథ వారాల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగితే దాన్ని క్యాంపెయిన్ అంటారు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. అందులో లోకాన్ని సిద్ధం చేసే పని ప్రధానంగా గేమ్ మాస్టర్‌దే. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. గేమ్ మాస్టర్ రాత్రిళ్లు కూర్చుని రాసుకున్న రాజవంశాల చరిత్ర చాలాసార్లు ఆటగాళ్లకు పట్టదు. తమ చెయ్యి పడని ఊరు తగలబడినా వాళ్లకు చీమ కుట్టినట్టైనా ఉండదు. లోకం కట్టేటప్పుడే వాళ్లను కలుపుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. 1987 నాటి ‘ఆర్స్ మాజికా’లో మంత్రగాళ్లు కలిసి బతికే స్థావరాన్ని బృందమంతా కలిసి రూపొందిస్తుంది. గేమ్ మాస్టర్ బాధ్యతను కూడా వంతులవారీగా పంచుకోవచ్చు.

ఇప్పుడు చాలా బృందాలు ‘సెషన్ జీరో’తో మొదలుపెడుతున్నాయి. అంటే ఆట ఆడకుండా, ఆట గురించి మాట్లాడుకునే తొలి సమావేశం. కథ భయపెట్టాలా నవ్వించాలా, పాత్రలకు ఒకరితో ఒకరికి పరిచయం ఎలా, ఏ విషయాలు కథలోకి రాకూడదు, ఏవి వచ్చినా వివరంగా వర్ణించకూడదు అన్నవి అక్కడే తేల్చుకుంటారు.

తర్వాతి మెట్టు లోకనిర్మాణం. 2013లో వచ్చిన ‘ఫేట్ కోర్’ ఇందుకు తేలికైన దారి చూపుతుంది. బృందం రెండు సమస్యలు ఎంచుకోవాలి: ఒకటి ఇప్పటికే పీడిస్తున్నది, రెండోది ముంచుకొస్తున్నది. ఒక రేవు పట్నం అనుకుంటే, సుంకాల పేరుతో దోచుకునే ముఠా మొదటిది కావచ్చు, ఏటేటా ముందుకొస్తున్న సముద్రం రెండోది కావచ్చు. ఆపైన వాటికి ముడిపడిన మనుషుల్ని, చోట్లను పేర్లతో సహా కాగితం మీద పెడతారు. ముఠానాయకుడు ఒక పాత్రకు మేనమామ అని ఎవరో అంటారు. అంతే, కథకు ముడి పడింది.

‘మైక్రోస్కోప్’ (2011)లో గేమ్ మాస్టరే ఉండడు. ఒక చరిత్రకు మొదలు, చివర ముందే నిర్ణయించుకుని మధ్య కాలాన్ని వంతులవారీగా నింపుతారు. ఏం ఉండొచ్చు, ఏం ఉండకూడదు అనే జాబితా ముందుగా రాసుకుంటారు. ఒకరి వంతులో మరొకరు సలహా ఇవ్వకూడదు. కాబట్టి గొంతు పెద్దదైనవారి మాటే చెల్లే ప్రమాదం తగ్గుతుంది. ఒక సాయంత్రం ఇలా ఆడితే వచ్చిన చరిత్రనే కొత్త క్యాంపెయిన్‌కు పునాదిగా వాడుకోవచ్చు.

ఆట మొదలయ్యాక కూడా ఈ భాగస్వామ్యం కొనసాగాలి. పటంలో కావాలనే ఖాళీలు వదలమని, ప్రశ్నలడిగి ఆ జవాబుల్ని వాడుకోమని ‘డంజన్ వరల్డ్’ (2012) గేమ్ మాస్టర్‌కు చెబుతుంది. అయితే ప్రశ్న ఇరుకుగా ఉండాలి. “ఈ ఊరి గురించి ఏమైనా చెప్పండి” అంటే అందరూ మొహమొహాలు చూసుకుంటారు. దొంగ పాత్ర వేసినవారిని “నిన్ను ఈ ఊళ్లోంచి తరిమేసిందెవరు?” అని అడిగితే జవాబు వెంటనే వస్తుంది.

అంతమాత్రాన గేమ్ మాస్టర్ పని తగ్గిపోదు. అవధాని దత్తపదుల్ని పద్యంలో పొదిగినట్టు, ఆటగాళ్లిచ్చిన ముక్కల్ని అతుకు కనబడకుండా కథలో కలపాలి. రహస్యాలు మాత్రం తన దగ్గరే ఉంచుకోవాలి. వంతెన కాపలాదారు లంచగొండి అని ఆటగాడు చెప్పొచ్చు, ఆ లంచం పైన ఎవరికి చేరుతోందో గేమ్ మాస్టర్ నిర్ణయిస్తాడు. హంతకుడెవరో తానే కల్పించినవాడికి అతణ్ని వెతికే సరదా మిగలదు. కొందరికి కల్పించడం కన్నా కనిపెట్టడమే ఇష్టం. అలాంటివారికి ప్రశ్న దాటేసే వీలుండాలి.

ఇవేవీ కుదరని బృందం కనీసం ఒకటి చేయవచ్చు: ప్రతి సమావేశం చివర, వచ్చేసారి ఎటు వెళ్లాలో ఆటగాళ్లనే అడగడం. గేమ్ మాస్టర్ అంతవరకే సిద్ధం చేసుకుంటే చాలు.