లౌడుస్పీకరు వెలయు, వినువాని చెవియు

అమెరికాదేశమున యూటా రాష్ట్రమునందలి విల్సన్ ఆడియో అను సంస్థ 2017వ సంవత్సరమున ఒక జత లౌడుస్పీకర్లకు 6,85,000 డాలర్లు వెల నిర్ణయించెను. అంత ధనముతో పెక్కు కుటుంబములు ఇండ్లు కట్టుకొని సుఖముగా బ్రతుకవచ్చును. అయినను అట్టి వస్తువులను కొనువారు కలరు. వానియందు విన్న గానము మఱెక్కడను వినలేదని ప్రమాణము చేయువారు కలరు. అదియంతయు వెఱ్ఱి యని నవ్వువారును కలరు. వీరిలో సత్యమెవరి పక్షమున నున్నది? ఈ విషయమును విచారించుటకు ముందు లౌడుస్పీకరు పనిచేయు విధమును కొంత తెలిసికొనవలయును.

ధ్వని యనగా గాలియొక్క కదలిక. 1925వ సంవత్సరమున జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోని రైస్, కెల్లాగ్ అను ఇరువురు ఇంజనీర్లు ప్రకటించిన పద్ధతియే నేటికిని చాలవఱకు వాడుకలో నున్నది. గరాటు వంటి కాగితపు పొర యొకటి. దాని మొదట సన్నని తీగచుట్ట. ఆ చుట్టచెంత బలమైన అయస్కాంతము. పాట ననుసరించి హెచ్చుచు తగ్గుచు నుండు విద్యుత్తు చుట్టలో ప్రవహింపగా, అది ముందు వెనుకలకు కదలును. దానితో పొరయు కదలి గాలిని కదల్చును. వేయి రూపాయల పెట్టెలోను, కోటి రూపాయల పెట్టెలోను సాధారణముగా జరుగునది ఇంతమాత్రమే.

అట్లయినచో వెలలో నింత భేదమేల? ఏలయన, ఈ సులభమైన పనిని చక్కగా చేయుటలో మూడు కష్టములు కలవు.

మొదటిది ధ్వనుల విస్తారము. మన చెవి సెకనునకు 20 కంపనములు మొదలుకొని 20,000 కంపనముల వఱకు వినగలదు. మొదటిదాని తరంగదైర్ఘ్యము సుమారు 17 మీటర్లు. రెండవదానిది సుమారు 17 మిల్లీమీటర్లు. మంద్రధ్వనికి విస్తారముగా గాలిని నెట్టగల పెద్ద గరాటు కావలయును. తారధ్వనికి తేలికయై శీఘ్రముగా కదలు చిన్న పొర కావలయును. పెద్దదానిని వూఫరనియు, చిన్నదానిని ట్వీటరనియు పిలుతురు. ఒకే గాయకుని కంఠము ఈ రెండింటినుండియు వచ్చుచున్నను, అతుకు తెలియకుండ వినబడవలయును.

రెండవది పెట్టె. గరాటు ముందుగాలిని నెట్టునపుడు వెనుకగాలిని లాగును. ఈ రెండు కదలికలు కలిసినచో మంద్రధ్వని నశించును. అందుచేతనే వెనుక పెట్టె నమర్తురు. కాని పెట్టె తానే యదరినచో దాని మ్రోతయు పాటలో కలియును. అందులకై కొందఱు మిక్కిలి మందమైన చెక్కను, కొందఱు అల్యూమినియమును వాడుదురు. ట్వీటర్లను బెరిలియముతోను, వజ్రముతోను చేయువారును కలరు.

మూడవది గది. గోడలనుండి మరలివచ్చు ధ్వని నేరుగా వచ్చు ధ్వనితో కలియుటచే, ఒక కుర్చీయొద్ద మంద్రస్వరము ఉరుమువలె వినబడును. రెండడుగుల దూరమున నదియే మాయమగును. ఎంత వెలగల లౌడుస్పీకరైనను గది స్వభావమును తప్పించుకొనలేదు. ఒకని యింట మెప్పు వడసినది మఱియొకని యింట నిరాశ కలిగించుటకు ఇదియే ముఖ్యకారణము.

కావున ధనము వ్యర్థమని చెప్పరాదు. పెద్ద గదిలో, పెద్ద ధ్వనితో, వికారము లేకుండ మంద్రస్వరములను పలికించుటకు నిజముగా వ్యయమగును. చెక్కపనికిని, మెఱుగునకును కొంత వెల చేరును. కొలది జతలు మాత్రమే చేయుటచే శ్రమయంతయు ఆ కొలదిమందిపై పడును. కాని వెల పదిరెట్లయినప్పుడు గానసుఖమును పదిరెట్లగునా? ఇక్కడనే వివాదము ప్రారంభమగుచున్నది.

ఉత్తమధ్వనిని కోరి ధనమును కాలమును వెచ్చించువారిని ఆడియోఫైలులందురు; మనము ధ్వనిరసికులందము. 1962వ సంవత్సరమున అమెరికాలో గార్డన్ హోల్ట్ అను నతడు స్టీరియోఫైల్ అను పత్రికను స్థాపించి, యంత్రములతో కొలిచిన లెక్కలు చాలవనియు, ఇంట కూర్చుండి విని గుణదోషములు వ్రాయవలయుననియు బోధించెను. ఇది న్యాయమైన మాటయే. పాట చెవి కొఱకు గాని గజకట్టు కొఱకు కాదు గదా! ఈ మార్గము ననుసరించి పెక్కుమంది విమర్శకులు బయలుదేరిరి. అయితే వారందఱును వస్తువును ఎదుట చూచుచు, దాని పేరును వెలను ఎఱిగియే వినుచుండిరి.

కెనడా రాజధానియగు అట్టావా నగరమునందలి జాతీయ పరిశోధనమండలిలో ఫ్లాయిడ్ టూల్ అను శాస్త్రజ్ఞుడు వేఱొక మార్గము త్రొక్కెను. ధ్వనిని అడ్డగింపని పలుచని తెర వెనుక లౌడుస్పీకర్లనుంచి, అన్నిటి ధ్వనిని సమానము చేసి, వినువారిచే మార్కులు వేయించెను. ధ్వని సమానము చేయుట ముఖ్యము. ఏలయన, రెండింటిలో కొంచెము బిగ్గరగా పలుకునదియే మేలైనదని మన చెవి భ్రమపడును. అటుపిమ్మట నతడు అమెరికాలో లౌడుస్పీకర్లు చేయు హర్మన్ సంస్థలో చేరి, షాన్ ఆలివ్ అను వానితో కలిసి 1994వ సంవత్సరమున ఒక పరీక్ష ఫలితమును ప్రకటించెను. ఆ సంస్థ యుద్యోగులే 40 మంది నాలుగు లౌడుస్పీకర్లను తెరచాటున నొకమాఱు, కన్నులార చూచుచు నొకమాఱు విని మార్కులు వేసిరి. చూచి విన్నప్పుడు పెద్దవై వెలగలవానికి మార్కులు హెచ్చెను. చిన్నదై చవుకయైన దానికి తగ్గెను. ధ్వనియందు మార్పేమియు లేదు; మాఱినది కన్ను చెప్పిన సాక్ష్యము మాత్రమే. అంతియ కాదు, లౌడుస్పీకర్ల స్థానమును మార్చుటచే కలుగు నిజమైన భేదమును సైతము చూచి వినువారు తక్కువగా గుర్తించిరి.

దీనివలన మన చెవి పనికిరానిదని తలపరాదు. 2003వ సంవత్సరమున ఆలివ్ 268 మందిని పరీక్షించిన వివరములను ప్రకటించెను. వారిలో శిక్షణ పొందినవారును, వర్తకులును, విమర్శకులును, విద్యార్థులును ఉండిరి. తెర వెనుకనున్న నాలుగింటిని వారందఱును ఇంచుమించుగా నొకే వరుసలో మెచ్చిరి. శిక్షితులు మార్కులు పిసినారితనముగా వేసి, మఱింత నిలుకడగా తీర్పు చెప్పిరి, అంతే భేదము. ఏ స్వరమును పెంచక, ఏ స్వరమును తగ్గింపక పలికినదే యందఱి మెప్పును పొందెను.

ధ్వనిరసికులలో కొందఱు ఇందుల కొప్పుకొనరు. పరీక్షాసమయమున మనస్సు కలవరపడుననియు, నెలలకొలది వినినగాని సూక్ష్మభేదము తెలియదనియు వారి వాదము. వింతగా, తొలుత వినుటయే ప్రమాణమని బోధించిన హోల్టు 2007వ సంవత్సరమున, తెరచాటు పరీక్షలను నిరాకరించుటచే ఈ విద్య లోకమున విశ్వాసమును పోగొట్టుకొనెనని విచారము తెలిపెను. అతడు 2009వ సంవత్సరమున మరణించెను. తాను పెంచిన చెట్టు వంకరను తానే చెప్పుటకు గొప్ప ధైర్యము కావలయును.

విద్యార్థులారా, ఈ పరీక్షను మీరును చేయవచ్చును. రెండు లౌడుస్పీకర్లను తెచ్చి, పలుచని గుడ్డ వెనుక పక్కపక్కనే యుంచుడు. రెండింటి ధ్వనిని సమానము చేయుడు. ఏది ముందు మ్రోగవలయునో నాణెము నెగురవేసి నిర్ణయింపుడు. వినువారు ఒకరితో నొకరు మాటలాడకముందే తమ తీర్పును చీటిపై వ్రాయవలయును. ఏలయన, తరగతిలో మొదట మాటలాడినవాని యభిప్రాయము నిమిషములో నందఱిదగును. ఇట్లు పదిమాఱులు చేసి చీటీలు విప్పి చూడుడు. తరువాత గుడ్డను తొలగించి మరల వినుడు. రెండు తీర్పులు ఒక్కటియైనచో సంతోషింపుడు. వేఱైనచో మొదటిదే మీ చెవి తీర్పని తెలిసికొనుడు.