కొత్త షవర్ కింద కుంగిన గచ్చు – బాగుచేసుకునే విధానం

నేడు సరిహద్దు గ్రామాలలోనూ పాత స్నానాల గదికి షవర్ అమర్చుకోవడం పరిపాటి అయినది. అయితే షవర్ బిగించిన కొద్ది నెలలకే దాని కింద టైల్స్ కదలడం, కాలు మోపితే డొల్ల శబ్దం రావడం, ఒక మూల గచ్చు కుంగి నీరు నిలవడం అనేక ఇండ్లలో కనబడుతున్నది. చాలామంది పగిలిన టైలు తీసి కొత్తది అతికించి ఊరుకుంటారు. టైలు పైకప్పు వంటిది మాత్రమే. లోపం దాని అడుగున ఉన్నది. అది సరికానంతవరకు పెట్టిన ఖర్చు నీటిపాలే. పైగా తడిసిన నేల గోడ పునాదిని కూడా బలహీనపరచగలదు. కుంగిన చోట నిలిచిన నీటిలో వృద్ధులు జారిపడే ప్రమాదమూ లేకపోలేదు.

కారణమేమి?

బకెట్ స్నానానికి 15 నుండి 20 లీటర్ల నీరు సరిపోతుంది. షవర్ నుండి నిమిషానికి సుమారు 8 నుండి 12 లీటర్లు పడుతుంది. పది నిమిషాల స్నానానికి 80 లీటర్లకు తక్కువ కాదు. ఆ నీరంతా రోజూ ఒకేచోట, ఒకే గోడ మొదట పడుతుంది. షాబాదు బండల సందులలో, టైల్స్ అతుకులలో ఉన్న చిన్న పగులు గుండా నీరు దిగి, అడుగున దిమ్మిస కొట్టకుండా నింపిన మట్టిని కుంగదీస్తుంది.

బళ్లారి, నాందేడ్ ప్రాంతాల నల్లరేగడి నేలలలో ఈ బాధ మరింత ఎక్కువ. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఈ రెండింటి మధ్య గచ్చు నిలువలేదు. యానాం వంటి గోదావరి ఒండ్రు నేలలలో భూగర్భజలం పైననే ఉంటుంది కావున ఈ పని వేసవిలో చేయించడం మేలు.

ముందుగా పరీక్ష

పగులగొట్టుటకు ముందు నీరు ఎక్కడినుండి పోతున్నదో తెలుసుకోవాలి.

1. రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టి, నీటిమట్టం గుర్తించండి. ఉదయానికి మట్టం తగ్గితే గోడలోని పైపు కారుతున్నదని అనుమానించాలి.

2. తూము నోటిని గుడ్డతో బిగువుగా మూసి, గదిలో అంగుళం మేర నీరు నిలిపి, గోడపై పెన్సిలుతో గీత గీయండి. 24 గంటలలో నీరు చెప్పుకోదగినంత తగ్గితే దోషం గచ్చులో ఉన్నది.

3. నీరు తగ్గకుండా నిలిచి, తూము తెరచిన పిదప వెలుపలి గోడ చెమ్మగిల్లితే దోషం తూము గొట్టంలో ఉన్నది.

పైపు దోషమైతే దానిని ముందుగా సరిచేయించాలి. పై అంతస్తు గది అయి, కింది కప్పులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులు రాలుతుంటే, ఆ విషయం ఇంజినీరుకు చూపించి తీరాలి.

మరమ్మతు క్రమం

పనికి ముందు గీజరు మెయిన్ స్విచ్ ఆపించండి. డొల్లగా మోగిన భాగానికి మరొక అడుగు కలిపి టైల్స్, పాత కాంక్రీటు తీయించాలి. తడిసి మెత్తబడిన మట్టిని గట్టి నేల తగిలేవరకు తీయాలి. గోడ పునాది అడుగుకంటె లోతుకు మాత్రం పోరాదు.

రేగడి మట్టిని తిరిగి అందులో నింపరాదు. మొరం తెప్పించి, ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరను కొద్దిగా తడిపి దిమ్మిస కొట్టించాలి. ఒకేసారి నింపి పైన మాత్రమే కొట్టిన మట్టి మరల కుంగుతుంది.

దానిపై ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక, ఆరు పాళ్లు కంకరతో నాలుగు అంగుళాల మందం కాంక్రీటు వేసి, కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉండాలి. పిమ్మట ఒకటికి మూడు పాళ్ల సిమెంటు మాలులో నీరు దిగనివ్వని మందు కలిపి పూయించాలి. ఆ మందు మోతాదు డబ్బాపై చూసుకోవాలి. గచ్చు, గోడ కలిసే మూలను గుండ్రంగా తిప్పి, ఆ పూతను గోడపై అడుగు ఎత్తువరకు, షవర్ ఉన్న గోడకు ఆరడుగుల ఎత్తువరకు తీసుకొనిపోవాలి. ప్రతి ఐదు అడుగులకు అంగుళం చొప్పున తూము వైపు వాలు ఉన్నదో లేదో రసమట్టంతో చూడాలి.

పూత ఆరిన తరువాత తూము మూసి మరల 48 గంటలు నీరు నిలపండి. ఈ పరీక్షలో నెగ్గిన తరువాతనే టైల్స్ వేయించాలి. టైలు అడుగున మాలు ముద్దలు ముద్దలుగా కాక అంతటా పరచాలి. నున్నని టైల్స్ కంటె గరుకువి శ్రేయస్కరం.

మేస్త్రితో మాట

కొత్తనార్ అన్నా, గవండి అన్నా, రాజమిస్త్రీ అన్నా, మన తాపీ మేస్త్రి అన్నా పని ఒక్కటే. దిమ్మిస, నీటి పరీక్ష, తడుపు రోజులు – ఈ మూడింటిని బేరం నాడే స్పష్టంగా చెప్పుకోవాలి. తొందరలో మొదట విడిచిపెట్టేవి ఇవే.

చివరగా, స్నానపు నీరు గోడ పక్కనే ఇంకిపోతుంటే లోపల ఎంత చేసినా వ్యర్థం. ఇంకుడు గుంత గోడకు దూరంగా ఉండాలి. గోడ వెలుపల రెండున్నర అడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు వేయించుకుంటే వాననీరు సైతం పునాది వైపు రాదు.