చేపల చెఱువు నీటిపరీక్ష: చిక్కు అంకెలను విప్పుకొను విధము

మన సంఘ సభ్యులలో చేపల పెంపకము సాగించు పలువురు నీటిపరీక్ష పెట్టెలను కొని యుంచుకొనినారు. ఇది మెచ్చదగిన పని. కాని పెట్టె కొనుట సులభము. అది చూపు అంకెను గ్రహించుట కష్టము. ఉదయమొక అంకె, సాయంకాలము వేఱొక అంకె; మన పెట్టెలో ఒకటి, పొరుగువారి పెట్టెలో మఱియొకటి; అంకెలన్నియు బాగుగానే యున్నను చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుట. ఇట్టి సందేహములను రైతులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. అంకె అర్థము కానపుడు ఏదో యొక మందును చెఱువులో చల్లుట పలుచోట్ల వాడుకయైనది. దాని వలన ధనము వ్యయమగుటయే గాక, ఒక్కొక్కప్పుడు ఏడాది శ్రమ ఒక్క పూటలో నీటిపై తేలును. కావున నీటికి మందు వేయుటకు ముందు అంకెను విచారించు క్రమము నిచట వివరింతుము.

1. ఏ వేళ తీసిన నీరు?

చెఱువు నీటికి పచ్చదనము నిచ్చునవి కంటికి కానరాని సన్నని నాచు మొక్కలు. ఇవి పగటి యెండలో నీటియందలి బొగ్గుపులుసు గాలిని గ్రహించి ప్రాణవాయువును విడుచును. బొగ్గుపులుసు గాలి నీటికి పులుపు నిచ్చునది. అది తగ్గిన కొలది పీహెచ్ అంకె పెరుగును. రాత్రి వేళ మొక్కలు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నియు ప్రాణవాయువును పీల్చుకొని బొగ్గుపులుసు గాలిని విడుచును. అందువలన పీహెచ్ మరల దిగును. ఒకే చెఱువు తెల్లవాఱుజామున 7.5, మధ్యాహ్నము మూడు గంటలకు 9 చూపుట వింత కాదు. రెండును నిజమే. వాని సగటు తీసి తృప్తిపడరాదు. 1909లో డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఏర్పఱచిన ఈ కొలతలో ఒక్క మెట్టు పది రెట్లతో సమానము.

ప్రాణవాయువు సంగతియు నిట్టిదే. 30 డిగ్రీల వేడిమిలో గాలి తగులుచున్న నీరు సహజముగా లీటరునకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టును. పచ్చని చెఱువులో మధ్యాహ్నము 12 కనబడినచో పెట్టె చెడినదని తలపవలదు. ఆ చెఱువే తెల్లవాఱునప్పటికి 2కు దిగవచ్చును. మధ్యాహ్నపు అంకెను చూచి ధైర్యము చెందినవాడు ఉదయమున దుఃఖించును. కావున సూర్యోదయమునకు ముందొకమారు, మూడు గంటల వేళ నొకమారు పరీక్షింపవలెను. ఈ రెండింటి నడుమ భేదమే మనకు ముఖ్యముగా పాఠము చెప్పును. భేదము మిక్కిలి హెచ్చుగా నున్నచో నాచు మితిమీఱినదని గ్రహించి, ఎరువును మేతను తగ్గింపవలెను.

2. ఏ చోట తీసిన నీరు?

గాలికి కొట్టుకొని వచ్చిన తెట్టు చేరిన మూల, మేత సంచులు కట్టిన వెదుళ్ల చెంత, కాలువ నీరు పడు తూము వద్ద తీసిన నీరు చెఱువంతటికిని సాక్ష్యము కాజాలదు. నాలుగు చోట్ల మోచేతి లోతున నీరు తీయవలెను. అడుగు నీటిని వేఱుగా పరీక్షించుట అవసరము. పైన బాగుండి అడుగున ప్రాణవాయువు లేని చెఱువులు కలవు. సీసాకు బరువు కట్టి, బిరడాకు వేఱొక త్రాడు కట్టి, అడుగునకు దింపిన పిదప బిరడాను లాగినచో అడుగు నీరు వచ్చును. ప్రాణవాయువు పరీక్షకు సీసాలో గాలిబుడగ మిగులరాదు. మొదటి చుక్కమందులను గట్టుమీదనే వేయవలెను. ఎండలో మోటారుబండిపై ఊరికి తెచ్చిన నీరు చెఱువు నీరుగా నుండదు.

3. పెట్టె సరిగా నున్నదా?

మందుసీసాపై గడువు తేదీని చూడుడు. గాజుగొట్టమును పరీక్షింపబోవు నీటితోనే మూడుమార్లు కడుగుడు, సబ్బు తగులనీయకుడు. సీసాను నిటారుగా తలక్రిందులు చేసి చుక్కలు వేసినగాని చుక్క లన్నియు సమముగా నుండవు. కాగితముపై చెప్పిన నిమిషములు నిలిచి, తెల్లని కాగితము ముందు, పగటి వెలుతురులో రంగును పోల్చవలెను. నైట్రేటు పరీక్షలో కొన్ని పెట్టెలందలి యొక మందులో పొడి అడుగున పేరుకొనును. దానిని గట్టిగా కుదుపనిచో నైట్రేటున్నను సున్నయే కనబడును.

పచ్చనీరు రంగుపరీక్షను మోసగించును. నీటిని వడకాగితములో వడగట్టి, మందు వేయని గొట్టము నొకదానిని ప్రక్క నుంచి పోల్చుడు. పట్టికలోని కడపటి రంగు వచ్చినచో అసలు అంకె యెంతో తెలియదు; ఒక పాలు చెఱువు నీటికి నాలుగు పాళ్లు స్వేదనజలము కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను అయిదింట గుణింపుడు. స్వేదనజలమునే పరీక్షించినపుడు అమ్మోనియా కనబడినచో దోషము మందులోనో గొట్టములోనో కలదు. పసుపు రంగు నిచ్చు నెస్లరు మందు, చెఱువులో ఫార్మలిన్ వాడిన పిదప తప్పు చూపును. ఆ మందులో పాదరసము కలదు గనుక వాడిన నీటిని చెఱువులో గాని కాలువలో గాని పాఱబోయరాదు.

ఇక రెండు పెట్టెలు వేఱువేఱు అంకెలు చూపినపుడు మొదట ప్రమాణమును చూడవలెను. కొన్ని పెట్టెలు అమ్మోనియా నంతటిని చెప్పును. కొన్ని దానిలోని నత్రజనిని మాత్రమే చెప్పును. నత్రజని లెక్కను అమ్మోనియాకు 1.2 చేతను, నైట్రైటుకు 3.3 చేతను, నైట్రేటుకు 4.4 చేతను గుణించిన రెండవ లెక్క వచ్చును. ఒకరి పెట్టెలో 10, మఱియొకరి పెట్టెలో 44 నైట్రేటు వచ్చినచో ఇద్దఱును సత్యమే చెప్పినవారు కావచ్చును.

4. అమ్మోనియాను ఒంటరిగా చదువరాదు

పెట్టె చూపునది మొత్తపు అమ్మోనియా. నీటిలో అది రెండు రూపములుగా నుండును. ఒక రూపము చేపకు అంతగా హాని చేయదు. రెండవది మొప్పల గుండ సులభముగా చొచ్చి విషమగును. ఏది యెంతయో నిర్ణయించునది పీహెచ్, దానితో పాటు వేడిమి. 30 డిగ్రీల వద్ద పీహెచ్ 7 అయినచో విషరూపము నూటికి ఒక పాలైనను ఉండదు. 8 అయినచో ఏడు పాళ్లకు మించును. 9 అయినచో నలువదియైదు పాళ్లకు చేరును. లీటరునకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా గల చెఱువులో, వేడిమి మాఱకున్నను, పీహెచ్ ఉదయము 7.5 నుండి మధ్యాహ్నము 9కి పెరిగినచో, మొత్తము అదియే. విషము మాత్రము పదునెనిమిది రెట్లగును.

ఇచటనే పెద్ద ప్రమాదము పొంచియున్నది. అమ్మోనియా కనబడినదని ఒక రైతు కాల్చిన సున్నమును చల్లినాడనుకొందము. సున్నము పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచును. నిద్రించుచున్న విషము మేల్కొనును. అట్టి వేళ సున్నము వలదు. మేత నాపి, ఏరియేటరు తిప్పి, మంచి నీరున్నచో కొంత మార్చుట క్షేమకరము. క్షారత్వము లీటరునకు 20 మిల్లీగ్రాములకు తక్కువైనచో సున్నపురాతి పొడి మేలు చేయును. అది కాల్చిన సున్నమువలె పీహెచ్‌ను ఎగదన్నదు.

5. బోరు నీటి వింత

బోరు నోట పట్టిన నీరు పీహెచ్ 7 చూపి, మఱునాటికి 8 చూపవచ్చును. భూగర్భములో ఇమిడియున్న బొగ్గుపులుసు గాలి పైకి పోవుటయే దీనికి కారణము. ఆ నీటిని వెడల్పు పాత్రలో రాత్రియంతయు నుంచి, మఱునాడు పరీక్షించినపుడే నిజమైన గుణము తెలియును. మఱియు బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ. దానిని రేకుపైనో రాళ్లపైనో చిలుకరించి చెఱువులోనికి వదలవలెను. క్షారత్వము హెచ్చు, కాఠిన్యము తక్కువ యనుటయు తప్పు లెక్క కాదు. సోడాక్షారపు నీటికిది లక్షణము. అట్టి నీటిలో మధ్యాహ్నపు పీహెచ్ మిక్కిలి పెరుగు నవకాశము గలదు. సున్నము గాక జిప్సము దానికి తగును.

6. అంకెలు బాగున్నను చేప బాగులేనిచో

మొదట తెల్లవాఱుజామున ప్రాణవాయువును కొలువుడు. 3 మిల్లీగ్రాములకు దిగినచో చిక్కు తెలిసినట్లే. అదియు సరిగా నున్నచో నైట్రైటును చూడుడు. దాని వలన చేప నెత్తురు గోధుమవన్నె దాల్చి ప్రాణవాయువును మోయజాలదు. ఉప్పునందలి క్లోరైడు నైట్రైటును మొప్పలలో చొరనీయక అడ్డగించును. ఇదియు కానిచో మొప్పలపై పురుగు పట్టినదేమో విచారింపవలెను. పెట్టె పురుగును చూపజాలదు.

కావున సభ్యులొక చిన్న పుస్తకము నుంచి, తేదీ, గంట, చోటు, లోతు, ఎండ లేక మబ్బు, వేసిన మేత, వచ్చిన అంకెలు వ్రాసికొనవలెను. వింత అంకె వచ్చినపుడు అదే నీటిని మరల పరీక్షించి, పిదప వేఱొక చోటి నీటిని, వేఱొక పెట్టెతో చూడుడు. చేపలు నోళ్లు తెఱచుచున్నచో మాత్రము పరీక్షలకై నిలువక ముందు ఏరియేటరు తిప్పుడు. తక్కిన యన్ని వేళల మూడు పరీక్షలును ఒకే మాట చెప్పినప్పుడే మందునకు ధనము వెచ్చింపుడు.