పీడకలలు అవిశ్వాసమునకు గుర్తా?



మొయినాబాదు నుండి చేవెళ్ళ మీదుగా పోయే మర్రిచెట్ల దారి మన కుటుంబాలకు అన్నము పెట్టే దారి. కూరగాయల మూటలతో, కాలేజీ పుస్తకాలతో మనవారు రోజూ ప్రయాణము చేసే దారి. 2025 నవంబరు 3వ తేదీ ఉదయము మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, తాండూరు నుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయిన సంగతి మీరెరుగుదురు. కంకర ప్రయాణికుల మీద పడి వారిని కప్పివేసినది. ఆ వార్త అనేక ఇండ్లలో పగటితో ముగియలేదు. రాత్రి కలలలోనికి కూడా వచ్చినది.

గృహదర్శనములో ఒక సహోదరి మాతో ఇట్లన్నది: "అయ్యగారూ, నా కొడుకు దినాం అదే బస్సుల కాలేజికి పోతడు. కండ్లు మూస్తే వాని మీద కంకర పడ్డట్టే కల వస్తున్నది. ప్రార్థన చేసుకొనే పండుకుంటున్న. నా విశ్వాసం తక్కువైందా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. కొన్ని సంవత్సరముల క్రితము ఇటువంటి ప్రశ్నే అడిగిన ఒక యౌవనస్థునితో, "దాచిన పాపమేదో ఉన్నది, ఉపవాసముండుము" అని చెప్పి పంపితిమి. అతడు మరల ఎవరితోనూ తన కల సంగతి చెప్పలేదు. కొంతకాలమునకు ఆరాధనకు రావడమే మానివేసెను. అది మా తప్పు.

యోబు భక్తుడు, పడక తనకు ఆదరణనిచ్చునని తలంచితే కలలే తనను బెదరించెనని 7వ అధ్యాయములో మొరపెట్టెను. మొదటి అధ్యాయములో దేవుడే అతనిని యథార్థవంతుడని చెప్పియున్నాడు. కాబట్టి పీడకల పాపమునకు రుజువు కాదు.

పీడకల ఎన్నడూ రానివారు అరుదు. పిల్లలలో ఇవి మరీ ఎక్కువ. పెద్దలలో నూటికి 2 నుండి 6 మందికి వారమునకు ఒకసారైనా వచ్చునని పరిశోధకుల అంచనా. తెల్లవారుజాము కల నిజమగునని మన పల్లెలలో భయపడుదురు. నిజమేమనగా, స్పష్టమైన కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. అప్పుడే మెలకువ వచ్చుటచేత ఆ కల బాగా జ్ఞాపకముండును.

దుఃఖము, అప్పుల చింత, మనసు కృంగుదల, కొన్ని రక్తపోటు మందులు, త్రాగుడు హఠాత్తుగా మానుట, ఇవన్నియు పీడకలలకు కారణములు కావచ్చును. ఘోరమైన ప్రమాదమును చూచిన మనసు దానినే తిరిగి తిరిగి చూపించును. నెల దాటినా తగ్గక, పగలు కూడా భయము వెంటాడితే వైద్యము అవసరము. తరచుగా పీడకలలు వచ్చేవారిలో చనిపోవాలనే తలంపులు కూడా ఎక్కువగా కనబడుచున్నవి గనుక దీనిని తేలికగా తీసుకొనరాదు.

దీనికి చికిత్స ఉన్నది. అందులో ఒకటి, పగటివేళ ఆ కలకు వేరే ముగింపు వ్రాసుకొని, రోజూ కొద్దిసేపు మనసులో దానినే చూచుకొనుట. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితముగా తెలుగులో మాట్లాడవచ్చును. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము ఉన్నది. "ఎర్రగడ్డకు పో" అనే మాటను మనము తిట్టుగా వాడుట ఇకనైనా మానుదము.

ఆ సహోదరి భర్తతో కలిసి డాక్టరును చూచినది. తన కలలో కొడుకు బస్సు దిగి గుమ్మములోనికి వచ్చి "అమ్మా, ఆకలి" అనునట్లు ముగింపు మార్చుకొన్నది. ఇప్పుడు కల తగ్గినది. కొడుకు ఆలస్యమైతే గుండె ఇంకా దడదడలాడునని చెప్పినది. మేము ఆమెను గద్దించలేదు, ఆమెతో కూర్చుండి ప్రార్థించితిమి.

చావు కోరుకొన్న ఏలీయాకు దేవదూత మొదట ప్రసంగము చేయలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి నిద్రపోనిచ్చెను. మీ ఇంట బిడ్డ ఉలిక్కిపడి లేచినప్పుడు కసరక, దీపము వెలిగించి దగ్గరకు తీసికొనుడి. పెద్దవారు చెప్పితే వినుడి. ప్రార్థన చేయుడి, వైద్యుని యొద్దకు కూడా తీసికొనిపొండి.

ప్రభువు మీ ఇండ్లకు నెమ్మదిగల నిద్రను అనుగ్రహించును గాక. ఆమేన్.